గోడ మీది వైరు, నేను కొన్న మోడెం

మా వరండా గోడ మీది నుంచి పక్కింటి కిటికీలోకి ఒక నల్లటి ఫోను వైరు పోయేది. దాన్ని లాగింది నేనే. టెలిఫోన్ ఆఫీసు వాళ్లను అడగలేదు. అడిగితే కాదంటారని తెలుసు కాబట్టే అడగలేదు.

టేకులపల్లి దాటాక అడవి మొదలయ్యే చోట మాది చిన్న ఊరు. రెండువేల సంవత్సరం దాటి ఆరేడేళ్లయినా, సెల్‌ఫోనులో మాట్లాడాలంటే వాగు అవతలి మిట్ట ఎక్కాల్సిందే. పక్కింటి ఆమె మిషన్ దవాఖానాలో నర్సు. మా ఆవిడను వదినా అనేది, నన్ను అన్నా అనేది. ఆ దవాఖానాలో కాన్పుల గది బాధ్యతను ఇంట్లో ఫోనున్న నర్సులకే ఇచ్చేవాళ్లు. లోపలి ఊళ్ల నుంచి ఆడవాళ్లను ఎప్పుడు మోసుకొస్తారో ఎవరికీ తెలియదు. పిలిచిన వెంటనే వచ్చే మనిషి కావాలి. ఆమె ఫోనుకు మూడుసార్లు దరఖాస్తు పెట్టింది. మూడుసార్లూ ఒకటే జవాబు: స్తంభం మీద ఖాళీ లైను లేదు. కాన్పుల గదిలో ఆమెను మించినవాళ్లు లేరని డాక్టరమ్మే అనేది. అయినా ఫోను లేదన్న ఒక్క కారణంతో ఆమెను అక్కడి నుంచి తీసి మామూలు వార్డులో వేయబోతున్నారని మా ఆవిడ చెప్పింది. ఆ సాయంత్రమే బజారుకు పోయి వైరు కొనుక్కొచ్చాను.

అప్పటి నుంచి ఒకే లైను మీద రెండిళ్లలో రెండు ఫోన్లు. ఏది మోగినా రెండూ మోగేవి. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. దవాఖానా వాళ్లు ఫోను చేస్తే మూడుసార్లు మోగించి ఆపేవాళ్లు, వెంటనే మళ్లీ చేసేవాళ్లు. అట్లా మోగితే ఆమెది. మేం ఎత్తేవాళ్లం కాదు. ఆపకుండా మోగితే మాది. ఆమె ఎత్తేది కాదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఈ లెక్క తప్పలేదు.

ఆ వైరు వీధిలో కొందరికి కంట్లో నలుసైంది. ఆమెకు మా వీధిలో ఇల్లు కిరాయికి దొరకడమే కష్టమైంది. ముందు పేరు అడిగేవాళ్లు, తర్వాత ఏ చర్చికి పోతావని అడిగేవాళ్లు, ఆ తర్వాత అసలు అడగదలచుకున్నది అడిగేవాళ్లు. జవాబు విన్నాక ఇల్లు ఖాళీ లేదనేవాళ్లు. అటువంటి వీధిలో మా గోడకూ ఆమె కిటికీకీ మధ్య అందరికీ కనపడేటట్టు ఒక వైరు వేలాడుతుండటం నాకు ఇష్టంగా ఉండేది. నిజం చెప్పాలంటే గర్వంగా ఉండేది. ఈ గర్వం సంగతి తర్వాత మళ్లీ వస్తుంది.

నాకు ఇంటర్నెట్టు ఎందుకు కావలసి వచ్చిందంటే, ఒక మాసపత్రికలో నాకూ ఒక పెద్దమనిషికీ వాదం నడుస్తుండేది. గ్రహాలకు మనిషి మీద ప్రభావం ఉందని ఆయన, లేదని నేను. నా జవాబు పోస్టులో పోయి పత్రికకు చేరేసరికి ఆ నెల సంచిక అచ్చయిపోయేది. వరసగా రెండు నెలలు ఆఖరి మాట ఆయనదే అయింది. గ్రహాలు చేయలేని పని పోస్టల్ శాఖ చేస్తోందని మా ఆవిడ నవ్వేది. అట్లాంటప్పుడే మా ఎక్స్ఛేంజికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చిందని, ఉన్న ఫోను లైను మీదనే ఇస్తారని తెలిసింది. కొత్త లైను అక్కర్లేదు. దరఖాస్తు పట్టుకుని టెలిఫోన్ ఆఫీసుకు పోయాను.

అక్కడి ఇంచార్జి మధిర వైపు నుంచి బదిలీ మీద వచ్చినాయన. మర్యాదస్తుడే.

“మాస్టారూ, కనెక్షన్ ఈ వారమే కలుపుతాం. మోడెం మాత్రం ఆఫీసుదే పెట్టుకోవాలండి.”

“ఇవ్వండి.”

“స్టాకు లేదు. పేరు రాసుకుంటా, వచ్చినప్పుడు పిలుస్తా.”

“అయితే బయట కొనుక్కుంటాను.”

“బయటివి మన లైనుకు పడవండి.”

“ఎందుకు పడవు?”

“మన లైను వేరు కదా.”

“ఏ విధంగా వేరు?”

ఆయన నన్ను జాలిగా చూశాడు. “డిపార్టుమెంటు లైను మాస్టారూ!”

ఇటువంటి జవాబులు నేను మూఢనమ్మకాల మీద వాదించిన చాలా వేదికల మీద విన్నాను. తాయెత్తు ఎందుకు పనిచేస్తుందంటే అది తాయెత్తు కనుక. అయినా ఓపిక పట్టి, మోడెంలో ఏ గుణం ఉంటే లైనుకు సరిపోతుందో చెప్పమని అడిగాను. ఆయన గొంతు తగ్గించాడు. “లోపల రెండు నంబర్లు కొట్టాలండి. అవి కొడితేనే లైను పలుకుతుంది. ఆ నంబర్లు మేం బయట చెప్పం.”

“చెవిలో ఊదుతారా?”

“మీరిలా మాట్లాడితే నేనేం చెబుతాను మాస్టారూ.”

మా ఊరి సెంటర్లో మందుల షాపాయన అప్పటికే ఆఫీసు మోడెంతో ఇంటర్నెట్ పెట్టించుకున్నాడు. నేరుగా ఆయన దగ్గరకు పోయి విషయం చెప్పాను. ఆయన కంప్యూటర్లో మోడెం సెట్టింగుల పేజీ తెరిచి స్క్రీను నా వైపు తిప్పాడు. రెండు నంబర్లూ అక్కడే ఉన్నాయి, ఎవరైనా చదువుకునేటట్టు. జేబులో పుస్తకం తీసి రాసుకున్నాను. “గింతేనా సారూ?” అన్నాడాయన. “గింతే,” అన్నాను.

ఆదివారం ఖమ్మం పోయాను. కంప్యూటర్ షాపులో కుర్చీ వేసి కూర్చోబెట్టి, రెండు కొమ్ముల్లాంటి యాంటెన్నాలున్న పెట్టె ముందు పెట్టారు.

“ఇది తీస్కోన్రి సార్. ఇల్లంత వస్తది,” అన్నాడు షాపాయన.

వెనక్కి తిప్పి చూశాను. “ఇందులో ఫోను వైరు ఏడ పెట్టాలె?”

“ఫోను వైరు ఎందుకు సార్? ఇంటర్నెట్ వైరు పెట్టాలె.”

“మాకు ఇంటర్నెట్టు ఫోను వైరులోనే వస్తది.”

“ఓ, మీది గా టైపా!” అని ఆ పెట్టె తీసేశాడు. నేను తిప్పి చూడకపోతే అది నాతో బస్సెక్కేది, ఇంటికొచ్చి బొమ్మలాగా బల్ల మీద కూర్చునేది. అది వచ్చిన ఇంటర్నెట్టును ఇల్లంతా పంచే పెట్టె. ఫోను లైనులో నుంచి ఇంటర్నెట్టును బయటికి తీసే పని దానికి రాదు. రెండూ చూడటానికి ఒకలాగే ఉంటాయి, రెంటినీ షాపుల్లో మోడెం అనే అంటారు.

రెండో పెట్టెకు ఫోను వైరు పెట్టే చోటుంది. కానీ కంప్యూటరుకు కలపాలంటే ముందు ఒక సీడీ ఎక్కించాలి, ఆ సీడీ కొత్త కంప్యూటర్లకే ఎక్కుతుంది. నా కంప్యూటరు పాతది. అదీ వద్దన్నాను. మూడో దానికి సీడీతో పని లేదు. ఫోను లైనుకు ఒక రంధ్రం, కంప్యూటరు వైరుకు ఒక రంధ్రం. మందుల షాపు మోడెం మీద ఉన్న, ఫోను లైను ఇంటర్నెట్టుకని చెప్పే ఏడీఎస్ఎల్ అన్న మాటే దీని పెట్టె మీదా ఉంది. ఇంకొకటి చూడాలి. షాపు కంప్యూటరుకు కలిపి సెట్టింగులు చూపించమన్నాను.

“సీలు తీస్తే కొనాల్సిందే సార్.”

“కొంటా. మా లైనుకు పనిచెయ్యకపోతే వాపసు తీసుకుంటనని రాసియ్యి.”

“గంత నమ్మకం లేదా సార్? గా దేవుని ఫోటో ముందు చెప్తున్నా...”

“ఫోటో వద్దు. సంతకం చాలు.”

నవ్వి, బిల్లు మీద రాసి సంతకం చేశాడు. సీలు తీశాడు. ఆ రెండు నంబర్లు మన ఇష్టప్రకారం మార్చుకునే చోటు అందులో ఉంది. అది చూసి కొన్నాను. పెట్టెలో మోడెంతో పాటు వేలెడంత తెల్ల డబ్బీ కూడా ఉంది. లైనును ఫోనుకూ మోడెంకూ విడివిడిగా పంచే డబ్బీ అది.

ఇంటికొచ్చి అన్నీ కలిపాను. నంబర్లు కొట్టాను. కరెంటు దీపం వెలిగింది. లైను దీపం మాత్రం వెలుగుతూ ఆరుతూ ఉంది. అది ఆగకుండా నిలిచి వెలిగితేనే లైను కలిసినట్టు. సాయంత్రం దాకా చూశాను, నిలవలేదు.

మా ఆవిడ వెనక నిలబడింది. పెళ్లినాడు పూలదండలు మార్చుకున్నప్పుడే ఒకరినొకరం నువ్వు అనుకోవాలని ఒప్పందం చేసుకున్నాం, ఆ ఒప్పందాన్ని ఆమె నాకంటే బాగా వాడుకుంటుంది. “హేతువాది గారూ, నీ పెట్టె నీకు కన్ను కొడుతున్నదేంది?”

నేను బయటి మోడెం తెచ్చానని ఎవరు చెప్పారో, మర్నాడు ఇంచార్జి తనే వచ్చాడు, పరీక్షల కోసం ఆఫీసులో ఉంచుకున్న ఒకే ఒక్క మోడెం చంకలో పెట్టుకుని. వెంట లైన్‌మాన్. “ఇప్పుడు చూడండి మాస్టారూ,” అంటూ నాది తీసి తనది పెట్టాడు. అదీ కన్ను కొట్టింది. అరగంట కొట్టింది.

“మీ మోడెం పెట్టడం వల్ల లైను చెడిపోయిందండి,” అన్నాడు.

“లైనుకు మైల పట్టిందా? ఏం పోసి కడగమంటారు?”

లైన్‌మాన్ మొహం పక్కకు తిప్పుకుని నవ్వాడు. నేను నా మోడెం పట్టుకుని ముగ్గురం కలిసి మందుల షాపుకు పోదామన్నాను. అక్కడ ఆఫీసు మోడెం పీకి నాది పెట్టాం. లైను దీపం రెండు నిమిషాల్లో నిలిచింది. షాపాయన ఖాతా పేరుతోనే ఇంటర్నెట్ తెరుచుకుంది. బయటిది డిపార్టుమెంటు లైనుకు పడింది, అందరూ చూస్తుండగా. ఇంచార్జి వంగి ఆ దీపాన్ని చూశాడు. తర్వాత, “అయితే తప్పు మీ ఇంట్లో ఉంది,” అన్నాడు. ఆ మాట సరైనదే. ఒప్పుకున్నాను.

లైన్‌మాన్ స్తంభం దగ్గర మొదలుపెట్టి వైరు వెంబడే చూసుకుంటూ మా వరండా దాకా వచ్చాడు. అక్కడ ఆగాడు. “సార్, గిదేంది?”

“పక్కింటి సిస్టరుకు.”

ఇంచార్జి మొహం వెలిగింది. మోడెం దీపం నిలవలేదు గానీ ఆయన మొహం నిలిచి వెలిగింది. “ఇంకేం మాస్టారూ! దొరికింది దొంగ. ఒక ఇంటి లైను ఇంకో ఇంటికి ఇవ్వడం అక్రమం. అందులోనూ వాళ్లింటికి మీకెందుకండీ? వారం టైమిస్తున్నా. మీరే కోసేయండి. లేకపోతే మీ ఫోనే తీసేయాల్సి వస్తుంది.”

“వాళ్లింటికి” అన్న మాటను ఆయన ఎట్లా పలికాడో నేను విన్నాను. కిటికీ అవతల ఆమె కూడా విన్నది. ఆ మాటతో నాకు పట్టుదల ఎక్కువైంది. వైరులో తప్పు లేదని మూడు రోజులు వాదించాను. ఇన్నేళ్లుగా మాటలు చక్కగా పోతున్న వైరు ఇంటర్నెట్టును ఎందుకు ఆపుతుందన్నాను. మోడెం మార్చి చూశాను, డబ్బీ మార్చి చూశాను, కంప్యూటరు వైరు మార్చి చూశాను. మూడో రోజు మా ఆవిడ నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

“అన్నీ మార్చి చూసినవ్. ఆ వైరును మాత్రం ముట్టుకోవేంది? అది నీ జంధ్యమా?”

నా జీవితంలో నాకు అంత గట్టి దెబ్బ ఏ ప్రత్యర్థీ కొట్టలేదు. పరీక్షకు నిలబడనిది ఏదీ నమ్మదగింది కాదని ముప్ఫై ఏళ్లుగా చెబుతున్నవాణ్ణి. నాకు ప్రియమైన ఒక్క వస్తువును పరీక్షకు పెట్టకుండా దాచుకున్నాను. దాంట్లో తప్పు తేలితే కోయాల్సి వస్తుందన్న భయం. కోస్తే ఆమె పని పోతుంది. ఇంచార్జి గెలుస్తాడు. ఈ రెండు భయాల్లో ఏది పెద్దదని నన్ను అప్పుడు అడిగి ఉంటే నిజాయితీగా చెప్పగలిగేవాణ్ణి కాదు.

పక్కింటి ఆమె మధ్యాహ్నం గోడ దగ్గరకు తనే వచ్చింది. చేతిలో స్క్రూడ్రైవరుంది.

“అన్నా, తీసి చూడున్రి.”

“అక్కర్లేదు చెల్లె. నేను ఇంటర్నెట్టు లేకుండానే...”

“లేకుండ ఉంటే ఆయన ఊకుంటడా? ఆయన మాట వైరు మీదనే ఉంది. పొద్దుగాల డ్యూటీ చేసి వచ్చిన, ఈ గంట నన్ను పిలవరు. తీసి చూడున్రి. నాకూ భయమే. కాని పేషెంటుకు ఏమైందో చూడకుండ మేం సూది ఇయ్యం గద.”

వరండాలో నేను వేసిన ముడిని విప్పాను. లోపల మా ఆవిడ మోడెం ముందు కూర్చుంది. “నిలిచింది,” అని అరిచింది. వైరు కొస నా చేతిలో ఉంది.

“అయితే తప్పు నాదేనన్నట్టు,” అన్నదామె.

“నీది కాదు. ముడి నేనేసిన.”

అప్పుడు గాని ఆ తెల్ల డబ్బీతో వచ్చిన కాయితం విప్పి చదవలేదు. చిన్న అక్షరాలతో పాటు బొమ్మ కూడా ఉంది. స్తంభం నుంచి వచ్చే లైను ముందు డబ్బీలోకి రావాలి. ఇంట్లో ఎన్ని ఫోన్లున్నా అన్నీ డబ్బీ దాటాకే తగిలించాలి. మోడెం ఒక్కటే వేరే రంధ్రంలో. నేను పక్కింటి వైరును వరండాలోనే, లైను డబ్బీ దాకా రాకముందే ముడేశాను. ఆమె ఫోను డబ్బీకి బయట ఉండిపోయి లైనును చెడగొట్టింది. బయటి కంపెనీ మోడెం చేసిన తప్పు కాదు, పక్కింటి ఫోను చేసిన తప్పూ కాదు. ఆ బొమ్మే ఆఫీసు డబ్బీతోనూ వస్తుందని మందుల షాపులో తర్వాత చూశాను. ఇంచార్జీ చదవలేదు, నేనూ చదవలేదు. ఆయన తన అధికారాన్ని నమ్ముకున్నాడు, నేను నా వాదనను నమ్ముకున్నాను.

వైరును మా కిటికీలో నుంచి లోపలికి తెచ్చి, డబ్బీలో ఫోను వైపు తగిలించాను. మా ఫోనూ, ఆమె ఫోనూ అక్కడి నుంచే. లైను దీపం కదలలేదు. ఆమె పరుగున ఇంటికి పోయి, దవాఖానాకు ఫోను చేసి తిరిగి చేయమన్నది. మూడుసార్లు మోగి ఆగింది, మళ్లీ మోగింది. దీపం అట్లాగే ఉంది. గోడ అవతలి నుంచి కేక: “అన్నా! ఇదివరకటి గరగర గూడ లేదు!”

ఆ రోజే నా జవాబు పత్రికకు పంపాను. ఆ నెల ఆఖరి మాట నాదైంది. అది చిన్న సంగతి.

వారం తిరిగేసరికి ఇంచార్జి వచ్చాడు. లైన్‌మాన్ భుజం మీద నిచ్చెన, చేతిలో కట్టరు. లోపలికి పిలిచి దీపం చూపించాను, వైరు చూపించాను.

“నెట్టు పనిచేసినా వైరు అక్రమమేనండి.”

“అక్రమమే. కాదనడం లేదు. ఈ కాయితం చూడండి.”

ముందే రాసిపెట్టాను. ‘పక్కింటి నర్సుకు కనెక్షన్ ఇచ్చిన రోజున ఈ వైరును నేనే తీస్తాను. అంతకు ముందు దీన్ని కోస్తే, కాన్పుల గదికి ఆమెను పిలవడానికి దారి లేకుండా పోతుందని తెలిసే కోసినట్టు. కోసినవారి సంతకం.’

“సంతకం ఎందుకు మాస్టారూ?”

“ఖమ్మంలో మోడెం అమ్మినాయన పెట్టిండు. మీరూ పెట్టండి.”

ఆయన కాయితం బల్ల మీద పెట్టి లైన్‌మాన్‌కు సైగ చేశాడు. లైన్‌మాన్ నిచ్చెన గోడకు ఆనించి రెండు మెట్లెక్కాడు. అప్పుడు ఫోను మోగింది. మూడుసార్లు మోగి ఆగింది. మళ్లీ మోగింది. మేం కూర్చున్న చోటు నుంచి లేవలేదు.

“ఫోను ఎత్తరేంటి?” అన్నాడు ఇంచార్జి.

“మాది కాదు,” అన్నది మా ఆవిడ.

పక్కింటి తలుపు చప్పుడైంది. ఆమె సంచి భుజానికి తగిలించుకుంటూ, అన్నం తిన్న చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ మా గేటు ముందు నుంచి పోయింది. నిచ్చెనను చూసింది, కట్టరును చూసింది. ఆగలేదు.

లైన్‌మాన్ నిచ్చెన దిగాడు. కట్టరును ఇంచార్జి ముందు బల్ల మీద, నా కాయితం మీద పెట్టాడు. “సార్, మా చిన్నదానికి పురుడు పోసింది గా సిస్టరే. నాతోని కాదు. మీరెక్కున్రి, నిచ్చెన నేను పట్టుకుంట.”

ఇంచార్జి నిచ్చెన వైపు చూశాడు. ఎక్కలేదు. కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగాడు. “సరే, ఆమెను ఇంకో దరఖాస్తు పెట్టమనండి.”

“మూడు మీ దగ్గరే ఉన్నాయి. అందులో ఒకటి చదవండి.”

ఇంచార్జి మంచినీళ్ల గ్లాసు పక్కన పెట్టాడు. లేచి మోడెం వైపు వంగి చూశాడు. “ఇంతకీ ఇది ఏ కంపెనీది మాస్టారూ? మా స్టాకు ఇంకా రాలేదు. జనం రోజూ అడుగుతున్నారు.”

కంపెనీ పేరు చెప్పలేదు. పేరు చెబితే రేపటి నుంచి అదొక్కటే లైనుకు పడుతుందని ఊరంతా చెబుతాడు. కట్టరు పక్కకు జరిపి, ఆ కాయితాన్నే తిరగేసి, వెనక వైపు రాసిచ్చాను. ఫోను లైను రంధ్రం ఉండాలి. పెట్టె మీద ఏడీఎస్ఎల్ అని ఉండాలి. కంప్యూటరుకు సీడీతో పని లేకుండా కలవాలి. ఆ రెండు నంబర్లు మార్చుకునే వీలుండాలి. ఫోన్లన్నీ డబ్బీ దాటాకే. నంబర్లు కూడా రాశాను, పెద్ద అక్షరాల్లో.

ఆయన దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మోడెం కావలసిన ప్రతి మనిషికీ ఆయన ఆ కాయితం తీసి చూపించాల్సిందే. చూపించిన ప్రతిసారీ రెండో వైపు కూడా ఎవరో ఒకరు చదువుతారు. లైన్‌మాన్ నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. వాళ్లు పోయాక మా ఆవిడ గోడ దగ్గరకు పోయి, నిచ్చెన రాసుకుని కిందికి జారిన వైరును పైకి లాగి, మేకుకు ఇంకో చుట్టు చుట్టింది. పక్కింటి ఆమెకు సొంత లైను వచ్చేదాకా అది అక్కడే ఉంది, వీధికి కనపడేటట్టు.